ఇల్మాటిక్ మీద బెజవాడ, గుంటూరులో ఒక మాట ఎందుకు కుదరదు

అమెరికా ర్యాపర్ నాస్ మొదటి ఆల్బం ఇల్మాటిక్ 1994 ఏప్రిల్ 19న వచ్చింది, అంటే ముప్పై ఏళ్ళు దాటిపోయింది, అయినా ఇవాళ్టికీ విజయవాడలో గానీ గుంటూరులో గానీ ర్యాప్ సీరియస్‌గా వినే నలుగురు ఒకచోట చేరితే ఆ పేరు రాకుండా ఉండదు, వచ్చాక ఇక ఎవరూ ఒక మాట మీద నిలబడరు. దీన్ని మించింది లేదనేది ఒకడు. మూడు పాటలు విని ఆపేశా బాబోయ్, అంత ఏముంది అందులో అనేది ఇంకొకడు. నాస్ అసలు సత్తా రెండో ఆల్బంలో ఉంది, జనం మొదటిదాన్ని పట్టుకుని వేలాడతన్నారు అని మరో వాదన. పాటలు బానే ఉన్నాయి గానీ ఆడవాళ్ళ ఊసొస్తే ఆ మాటలేంటి అని అడిగే అమ్మాయిలూ ఉన్నారు, వాళ్ళకి సూటిగా జవాబు చెప్పేవాళ్ళు తక్కువ.

ఈ మాటలన్నిట్లోనూ ఎంతో కొంత నిజం ఉంది. కాస్త దగ్గరగా చూస్తే మాత్రం ఒకటి తెలుస్తది, ఎవరికి ఈ ఆల్బం ఎలా అనిపించిందన్నది వాళ్ళు దాన్ని ఎలా విన్నారో అడిగితే చాలావరకు ముందే చెప్పేయొచ్చు. ఫోన్ స్పీకర్లో పెట్టి ఏదో పని చేసుకుంటూ విన్నవాడిది ఒక అభిప్రాయం, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని లిరిక్స్ ఎదురుగా తెరుచుకుని విన్నవాడిది ఇంకో అభిప్రాయం, గొప్ప ఆల్బం గొప్ప ఆల్బం అని నలుగురూ చెప్పగా చెప్పగా తప్పదన్నట్టు కూర్చుని విన్నవాడిది మరొకటి. అన్నిట్లోకీ ఈ చివరి రకం వినడమే ఇల్మాటిక్‌కి ఎక్కువ చెడు చేసింది.

ఇక్కడ ఒక తరం కుర్రాళ్ళకి నాస్ పేరు బొంబాయి మీదుగా వచ్చింది. 2019లో గల్లీ బాయ్ సినిమా వచ్చినప్పుడు దానికి ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్‌గా నాస్ పేరు పడింది, బొంబాయి ర్యాపర్లు డివైన్, నేజీ, హీరో రణ్‌వీర్ సింగ్‌లతో కలిసి ఒక పాటలో కూడా వినిపించాడు. ఎవరీ నాస్ అని వెతికినవాడికి ముందు తగిలేది ఇల్మాటిక్, దాంతో పాటే పొగడ్తల చిట్టా. ద సోర్స్ అనే హిప్‌హాప్ పత్రిక రిలీజ్ టైంలోనే 5కి 5 మైకులు, అంటే పూర్తి మార్కులు ఇచ్చేసింది. 2013లో హార్వర్డ్ యూనివర్సిటీలో నాస్ పేరు మీద హిప్‌హాప్ ఫెలోషిప్ పెట్టారు. 2021లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దేశం దాచుకోవాల్సిన రికార్డింగుల జాబితాలో దీన్ని చేర్చింది. ఇంత విన్నాక ప్లే నొక్కేవాడికి పాట మొదలవకముందే అభిప్రాయం తయారైపోయి ఉంటది, నచ్చితే తనకి టేస్ట్ ఉన్నట్టు, నచ్చకపోతే తనలోనే ఏదో లోపం ఉన్నట్టు. అందుకే ఇదే గోట్, అంటే అన్ని కాలాల్లోకీ గొప్పది అని గట్టిగా అనేవాళ్ళని ఏ పాటలో, ఏ లైన్ దగ్గర అని అడిగితే చాలామంది నీళ్ళు నములుతారు. అదే బోర్ కొట్టింది అన్నవాడిని అడగండి, ఎక్కడ కొట్టిందో ఎందుకు కొట్టిందో టకటకా చెప్తాడు. వాడు నిజంగా విన్నాడు. కాబట్టి వాడి మాటలతోనే మొదలెట్టడం న్యాయం.

వాడి మొదటి కంప్లయింట్ సౌండ్ మీద. బేస్ గుండెకి కొట్టట్లేదు, బీట్ ఒక్కసారిగా విరుచుకుపడే డ్రాప్ ఎక్కడా లేదు, అదే పియానో ముక్క మొదట్నుంచీ చివరిదాకా తిరుగుతానే ఉంటది, పైగా మొత్తం దుమ్ము పట్టినట్టు వినిపిస్తది. ఈ మాటల్లో తప్పేం లేదు, విన్నది విన్నట్టే చెప్పాడు. ఆ దుమ్ము ఎక్కడిదో తెలిస్తే వినడం మారుద్ది. అప్పట్లో న్యూయార్క్ ప్రొడ్యూసర్లు పాత జాజ్, సోల్ రికార్డులు వెతికి వెతికి కొనుక్కొచ్చి, వాటిలోంచి రెండు మూడు సెకన్ల ముక్క కోసి, దాన్నే తిప్పి తిప్పి బీట్ కట్టేవాళ్ళు. పీట్ రాక్ లాంటి ప్రొడ్యూసర్లు వాడిన ఎస్‌పీ 1200 అనే శాంప్లర్, అంటే సౌండ్ ముక్కల్ని దాచుకుని వాయించేది, 12 బిట్ మెషీన్, అందులో మొత్తం పట్టేది దాదాపు పది సెకన్ల సౌండ్ మాత్రమే. ఆ పది సెకన్లు సరిపోవు కాబట్టి 33 స్పీడ్ రికార్డుని 45 స్పీడ్‌లో తిప్పి లోపలికి ఎక్కించి, తర్వాత మెషీన్లో నెమ్మది చేసేవాళ్ళు, అలా చేసినప్పుడు సౌండ్ అంచులు గరుకుగా అయిపోతాయి, అంటే అప్పటి మెషీన్ల ఇరుకులోంచే ఆ గరుకు పుట్టింది, జనానికి అదే అందంగా వినపడింది.

నాలుగో పాట ద వరల్డ్ ఈజ్ యువర్స్ తీసుకోండి. దాంట్లో వినపడే పియానో అహ్మద్ జమాల్ అనే జాజ్ విద్వాంసుడి 1970 నాటి రికార్డింగ్‌లోది. ఆయన నిమిషాల తరబడి వాయించుకుంటూ పోయిన దాంట్లోంచి పీట్ రాక్ ఒక చిన్న మలుపు పట్టుకున్నాడు, దాని కింద డ్రమ్స్ పెట్టాడు, హుక్, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే పల్లవి లాంటి ముక్క కూడా తనే పాడాడు. ఇయర్‌ఫోన్స్‌లో ఆ పాట పెట్టి నాస్ గొంతుని కాసేపు వదిలేసి పియానో మీదే చెవి పెడితే, ఆ ముక్క ప్రతిసారీ పూర్తవకుండానే మళ్ళీ మొదటికి వచ్చేస్తన్నట్టు ఉంటది, అదే పాటని ముందుకి తోస్తా ఉంటది. బస్సులో ఫోన్ స్పీకర్లో పెడితే ఇదేదీ వినపడదు, టకటక డ్రమ్ములు మాత్రం వినపడతాయి, అప్పుడు బోర్ కొట్టక ఏమవుద్ది మరి. చివరి పాట దగ్గర మాత్రం అందరికీ ఒకలాంటి సంతోషం కలుగుతుంది, ఎందుకంటే అందులో మైకేల్ జాక్సన్ హ్యూమన్ నేచర్ ట్యూన్ ఉంది, ర్యాప్ గొడవ లేనివాళ్ళు కూడా ఆ రాగం గుర్తుపట్టి ఆగుతారు. అది లార్జ్ ప్రొఫెసర్ కట్టిన బీట్.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పుకోవాలి. డీజే ప్రీమియర్, పీట్ రాక్, క్యూ టిప్, లార్జ్ ప్రొఫెసర్, ఎల్‌ఈఎస్ అని ఐదుగురు ప్రొడ్యూసర్లు పనిచేశారు దీనికి, నాస్‌తో కలిపితే ఆరుగురి చేయి ఉన్నట్టు. అప్పటిదాకా ర్యాప్ ఆల్బం అంటే ఎక్కువగా ఒక ప్రొడ్యూసరో ఒక గ్రూపో మొత్తం చేసేది. పేరున్న ఐదుగురిని ఒక ఇరవై ఏళ్ళ కుర్రాడి కోసం ఒకచోటికి తేవడం ఆ తర్వాత పెద్ద లేబుల్స్ అన్నిటికీ అలవాటైపోయింది, అంతమంది చేసినా ఒకే చేత్తో చేసినట్టు ఉండటం మాత్రం తర్వాత ఎవరికీ అంత తేలిగ్గా కుదర్లేదు.

చిన్నదిగా ఉంది అనేవాళ్ళు కూడా ఉన్నారు. పది ట్రాకులు, అందులో మొదటిది ఇంట్రో, మొత్తం దాదాపు 40 నిమిషాలు. ఇవాళ ఇరవై పాటల ఆల్బంలకి అలవాటుపడ్డ చెవికి ఇది అయిపోయిందా అనిపిస్తది. ఈ కంప్లయింట్‌కి పెద్దగా జవాబు అక్కర్లేదు, తీసేయాల్సిన పాట అంటే ఎనిమిదోదాన్నే అందరూ చూపిస్తారు, అది నిజంగానే మిగతావాటి ముందు పలచగా ఉంది, ఇంకో పది పాటలు చేర్చి ఉంటే అలాంటివే ఇంకొన్ని వచ్చి ఉండేవి.

అసలు ఇబ్బంది మాటల దగ్గర. ఇంగ్లీష్ మీడియంలో చదివి, ఇంగ్లీష్ సినిమాలు సబ్‌టైటిల్స్ లేకుండా చూసేవాళ్ళకి కూడా రెండో పాట ఎన్‌వై స్టేట్ ఆఫ్ మైండ్ మొదటిసారి సగం కూడా అందదు. యాస ఒకటే అయితే నాలుగు రోజుల్లో అలవాటు పడొచ్చు, దాని మీద నాస్ పెరిగిన క్వీన్స్‌బ్రిడ్జ్ వాడుక మాటలు, మనుషుల పేర్లు, వీధుల పేర్లు, ఊపిరి ఆడని స్పీడ్. పాట మొదట్లో ఎలా మొదలెట్టాలో తెలీట్లేదు అని నాస్ గొణుక్కునే మాట కూడా రికార్డులో అలాగే ఉంచేశారు, ఆ తర్వాత మొదలెట్టాడంటే ఇక ఆగడు.

మన దగ్గర కథ వినే అలవాటు వేరు. గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్, 1986లో పద్మశ్రీ అందుకున్న మనిషి, బుర్రకథని ఊరూరా వినిపించిన పద్ధతి చూస్తే కథకుడు ఒక్కో మెట్టు ఎక్కి ఆగుతాడు, పక్కనున్న వంతలు అందుకుంటారు, ఒకడు హాస్యం వేస్తాడు, ఒకడు రాజకీయం మాట్లాడతాడు, ఆ సందులో వినేవాడు జరిగింది మనసుకి ఎక్కించుకుంటాడు. ఇల్మాటిక్‌లో ఆ వంత లేదు. ఆల్బం మొత్తంలో బయటి ర్యాపర్ ఒక్కడే, మూడో పాటలో ఏజీ (AZ), మిగతాదంతా నాస్ ఒక్కడే చెప్పుకుంటా పోతాడు, హుక్ వచ్చినప్పుడు తప్ప వినేవాడికి విశ్రాంతి ఉండదు. పెద్దవాళ్ళు ఎవరైనా పక్కన కూర్చుని వింటే ఏంట్రా ఏకబిగిన వాగుతున్నాడు అనేది అందుకే, ఆ మాటని తెలివితక్కువ మాటగా తీసెయ్యక్కర్లేదు.

అయితే తెలుగు చెవికి ఒక లాభం కూడా ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నాస్ ప్రాసలు లైను చివర్లో మాత్రమే ఉండవు, లైను మధ్యలో రెండు మూడు చోట్ల ఒకే చప్పుడు మళ్ళీ మళ్ళీ తగులుద్ది, ఒక లైనులో నడిమధ్య మొదలైన ప్రాస తర్వాతి లైను నడిమధ్య తేల్తది. సినిమా పాటలే విన్న చెవి లైను చివర కోసం చూస్తది కాబట్టి ఇది జారిపోతది. కానీ టెన్త్‌లో పద్యాలు బట్టీపట్టినవాళ్ళకి ఉత్పలమాలలో పదో అక్షరం దగ్గర, చంపకమాలలో పదకొండో అక్షరం దగ్గర యతి కుదరాలని తెలుసు, లైను మధ్యలో ఒక చప్పుడు మొదటి చప్పుడుకి జవాబు చెప్పాలన్న లెక్క వాళ్ళ చెవిలో ఎక్కడో ఉంది. ఆ చెవితో హాఫ్‌టైమ్ పాట వినాలి. అర్థం సంగతి పక్కన పెట్టి చప్పుళ్ళ లెక్క మాత్రం చూస్తా పోతే, వాడు పదాలు ఎక్కడ ఎందుకు పెట్టాడో దానంతటదే తెలుస్తది. అర్థాలు రెండోసారి చూసుకోవచ్చు, తొందరేం లేదు.

ఆ వీధుల పేర్ల విషయానికొస్తే గుంటూరు వాళ్ళకి అది కొత్తగా అనిపించకూడదు అసలు. బ్రాడీపేట 4/14 అంటే నాలుగో లైను పద్నాలుగో అడ్డరోడ్డు, చెప్పినవాడికీ విన్నవాడికీ ఆ అంకెల్లోనే ఇల్లు, టీ బండి, ట్యూషన్ సెంటర్, పాత గొడవ అన్నీ కనపడతాయి. నాస్ తన వీధుల పేర్లు గర్వంగా చెప్పుకునేది కూడా అలాంటి అడ్రస్సే. క్వీన్స్‌బ్రిడ్జ్ అనేది న్యూయార్క్‌లో సర్కారు కట్టించిన ఇళ్ళ సముదాయం, 1939లో తెరిచారు, 3,000కి పైగా ఫ్లాట్లు, ఉత్తర అమెరికాలోనే అలాంటివాటిలో పెద్దది. నాస్ అక్కడ పెరిగాడు, ఎనిమిదో క్లాస్ తర్వాత చదువు మానేశాడు, తండ్రి ఓలూ దారా జాజ్ వాద్యకారుడు, మూడో పాట చివర వినపడే కార్నెట్, ట్రంపెట్ లాంటి బూర, ఆయన వాయించిందే. చిన్నప్పటి నుంచి తోడున్న స్నేహితుడు విల్ 1992లో కాల్పుల్లో చనిపోయాడు. ఆల్బం అంతా ఆ చావు నీడ ఉంది, కానీ దాని మీద ప్రత్యేకంగా ఒక ఏడుపు పాట పెట్టలేదు.

ఇక అందరికంటే ఎక్కువ వాదన జరిగేది ఏడో పాట మీద, వన్ లవ్ మీద, జరగాల్సిందే కూడా. జైల్లో ఉన్న స్నేహితుడికి రాసిన ఉత్తరంగా ఉంటది ఆ పాట. నీకు కొడుకు పుట్టాడంట, నీ పోలికలే అంటున్నారు, మీ ఆవిడ నీకెందుకు రాయట్లేదు అని మొదలవుద్ది. వెళ్ళి చూసిరా అని ఆవిడకి చెప్తే ఆవిడ విరుచుకుపడిందని చెప్తాడు. బయట ఎవరు ఎవరితో తిరుగుతున్నారో, ఎవరికి తూటా తగిలిందో చెప్తాడు, జైల్లో ఖర్చులకి యాభై డాలర్లు వేశానని చెప్తాడు. ఊళ్ళో కబుర్లు రాసినట్టే ఉంటది, గొంతు ఎక్కడా పెంచడు. క్యూ టిప్ వేసిన బీట్ కూడా అంతే మెత్తగా ఉంటది.

మూడో చరణంలో ఉత్తరం ఆగిపోయి కథ మొదలవుద్ది. తల వేడెక్కిపోయి, ఫోన్ తీసుకోకుండా, గన్ ఇంట్లోనే వదిలేసి, పెన్నూ పుస్తకం పట్టుకుని రెండ్రోజులు ఎటో వెళ్ళిపోతాడు. తిరిగొచ్చేసరికి బయట ఎవరూ ఉండరు, ఒక పన్నెండేళ్ళ పిల్లాడు తప్ప. వాడు గంజాయి చుడుతూ ఉంటాడు, మేడ మీద నుంచి కాలుస్తుంటే చూశారు అందుకే బుల్లెట్‌ప్రూఫ్ వేసుకుని గన్ పెట్టుకుని తిరుగుతున్నా అంటాడు, నవ్వుతాడు. నాస్ వాడి పక్కన కూర్చుని తనూ పొగ తాగుతూ ఒక సలహా ఇస్తాడు. ఆ సలహా దగ్గరే వినేవాళ్ళు రెండుగా చీలిపోతారు, ఎందుకంటే మానెయ్‌రా, చదువుకో అని చెప్పడు. జనం గుంపు మీద కాల్చకు, సంబంధం లేనివాడు పోతాడు, ఎవడి మీద కోపమో వాడు ఒంటరిగా దొరికినప్పుడే చూసుకో అంటాడు. ఆ మాట చెప్పి లేచి బట్టల మీద బూడిద దులుపుకుని, పైకి రావడానికి చూడు, పోలీసుల మీద ఓ కన్నేసి ఉంచు అని వెళ్ళిపోతాడు.

ఇదేం బుద్ధి చెప్పడం, పన్నెండేళ్ళ పిల్లాడికి ఎలా చంపాలో నేర్పుతున్నాడు అనే కోపం చాలామందికి వస్తది, రావడం మనిషి లక్షణం. కానీ ఆ కోపం ఎవరి మీదకి వెళ్ళాలో ఆలోచిస్తే పాట చేసిన పని తెలుస్తది. ఆ చోటులో ఆ పిల్లాడు వినే అవకాశం ఉన్న మాట అదొక్కటే. మానెయ్ అని చెప్పినా వాడు నవ్వేసి ఊరుకుంటాడు, వాడి ఒంటి మీద బుల్లెట్‌ప్రూఫ్ ఉంది. మంచి మాట చెప్పే స్థోమత కూడా మిగలని చోట ఇరవై ఏళ్ళవాడు పన్నెండేళ్ళవాడికి ఇవ్వగలిగింది ఇంతే అని పాట చూపిస్తుంది, దాని మీద తీర్పు చెప్పదు. చెప్పి ఉంటే అందరికీ నచ్చేది, నాలుగు రోజుల్లో మర్చిపోయేవాళ్ళం కూడా. ఈ ఆల్బంలో పిల్లలు ఎక్కడెక్కడ కనపడతారో ఒకసారి లెక్క చూసుకోండి. రెండో పాటలో కాల్పుల మధ్య గన్ జామ్ అయ్యి పరిగెత్తి బిల్డింగ్ లాబీలోకి వస్తే అక్కడంతా పిల్లలే ఉంటారు. అట్ట మీద ఫోటో ఏడేళ్ళ నాస్ మొహం, దాని వెనక వీధి. ఇది గ్యాంగ్‌స్టర్ గొప్పలు చెప్పుకునే ఆల్బం అనే మాట ఈ మూడింటి ముందు నిలబడదు, ఇక్కడ తుపాకీ పట్టినవాడి పక్కన ఎప్పుడూ చూస్తూ ఒక పిల్లాడు ఉంటాడు.

బెజవాడ వాళ్ళు ఈ విషయాన్ని మిగతావాళ్ళకంటే దగ్గరగా పట్టుకోగలరు, పట్టుకోవాలి కూడా. 1988 డిసెంబర్ అల్లర్లు చూసిన ఊరు ఇది, రోజుల తరబడి కర్ఫ్యూ చూసిన ఊరు. ఆ తర్వాత సినిమాల్లో బెజవాడ అంటే కత్తులు, జీపులు, స్లో మోషన్ నడకలు. ఆ రోజుల్లో కృష్ణలంకలోనో గవర్నర్‌పేటలోనో చిన్నపిల్లలుగా ఉండి తలుపులు వేసుకుని కూర్చున్నవాళ్ళ కథ తెర మీదకి ఎంతవరకు వచ్చింది, పేరున్నవాళ్ళ కథలే వచ్చాయి. ఇల్మాటిక్ విని నాస్ భలే రౌడీ రా అని ఊగిపోయే కుర్రాడు నిజానికి సినిమాలు నేర్పిన చెవితో వింటున్నాడు, అంటే పేరున్నవాడి కోసం వెతుకుతున్నాడు, నాస్ ఏమో తలుపు సందులోంచి చూసినవాడి వైపు ఉన్నాడు. ఇది అర్థం కాకుండా ఈ ఆల్బంని పొగిడినా తిట్టినా ఒకటే.

ఆడవాళ్ళ సంగతికొస్తే, ఇక్కడ ఏ సమర్థనా పనికిరాదు. ఆల్బంలో ఆడవాళ్ళ గురించి వాడిన మాటలు చాలాచోట్ల నీచంగానే ఉన్నాయి. వన్ లవ్‌లో జైల్లో ఉన్నవాడి బిడ్డని కన్న అమ్మాయి ఉంది, ఆవిడ పక్క నుంచి ఆలోచిస్తే ఉత్తరం రాయకపోవడానికి వంద కారణాలు ఉంటాయి, పాట వాటిలో అతను మొరటుగా ఉంటాడు, చెప్పింది వినడు అన్న ఒకటి రెండు మాత్రం నాస్ నోటితో వినిపించి, ఆవిడ మీదే నింద వేసి దాటేస్తది. అంత చిన్న వయసులో అంత దూరం చూసినవాడు పక్కింటి అమ్మాయిని చూడలేకపోయాడు. అప్పటి ర్యాప్ అంతా అంతే కదా అనేవాళ్ళు ఉంటారు, అప్పుడే క్వీన్ లతీఫా లాంటి ఆడ ర్యాపర్లు మైకు పట్టుకుని ఈ మాటల మీదే నిలదీస్తున్నారు, కాబట్టి ఆ కాలంలో ఎవరికీ తెలీదు అనడానికి లేదు. ఈ లోపం చెప్పినంత మాత్రాన ఆల్బం చిన్నదైపోదు, చెప్పకుండా దాస్తే మాత్రం దాన్ని మెచ్చుకునేవాళ్ళ మాటకి విలువ తగ్గుద్ది. కానూరు కాలేజీ హాస్టల్లో ఒక అమ్మాయి ఆ ఒక్క కారణానికి ఆపేసింది అంటే ఆ అమ్మాయి కూడా శ్రద్ధగానే విన్నట్టు లెక్క.

అమ్మకాల లెక్క తీసి అంత గొప్పదైతే ఎందుకు ఆడలేదు అనే వాదన కూడా అప్పుడప్పుడు వస్తది. మొదటి వారం దాదాపు 60 వేల కాపీలు అమ్ముడై బిల్‌బోర్డ్ లిస్టులో 12వ స్థానంలో వచ్చింది, గోల్డ్, అంటే 5 లక్షల కాపీల గుర్తింపు రావడానికి 1996 దాకా, ప్లాటినం, అంటే 10 లక్షల గుర్తింపు రావడానికి 2001 దాకా పట్టింది. ఇల్మాటిక్‌కి అయిదు నెలల ముందు వచ్చిన ర్యాపర్ స్నూప్ డాగ్ మొదటి ఆల్బం ఒక్క వారంలో 8 లక్షలు దాటింది. అప్పుడు గాలి వెస్ట్ కోస్ట్ వైపు, అంటే స్నూప్ లాంటివాళ్ళున్న అమెరికా పడమటి తీరం వైపు వీస్తోంది, కార్లో పెట్టుకుని ఊగే పాటలు అటు నుంచి వస్తున్నాయి, ఇల్మాటిక్‌లో అలా పార్టీకి పనికొచ్చే పాట ఒక్కటీ లేదు, పైగా రిలీజ్‌కి ముందే దొంగ క్యాసెట్లు బయట తిరిగేశాయి. ఓపెనింగ్స్ చూసి సినిమా తేల్చేసే అలవాటు మనకి బాగా ఉంది కాబట్టి ఈ లెక్క పదేపదే బయటికి తీస్తారు, దీని మీద అంతకంటే టైం పెట్టక్కర్లేదు.

రెండో ఆల్బమే గొప్ప అనే వాదనని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. 1996లో వచ్చిన ఇట్ వాజ్ రిటెన్ నేరుగా నంబర్ వన్ అయింది, సౌండ్ శుభ్రంగా ఉంటది, హుక్స్ పెద్దగా ఉంటాయి, కథలు చెప్పే పనితనం ఇంకా పెరిగింది, ఒక పాట మొత్తం తుపాకీ తన గోడు తానే చెప్పుకున్నట్టు రాశాడు. మొదట దాన్ని విన్న తెలుగు కుర్రాడికి నాస్ తొందరగా దగ్గరవుతాడు, ఇది నిజం. కానీ అందులో నాస్ ఒక పాత్ర వేస్తున్నాడు, పెద్ద దందాలు చేసే దొరలా మాట్లాడతాడు. ఇల్మాటిక్‌లో వేషం లేదు, వాడు ఆ మెట్ల మీదే కూర్చుని ఉన్నాడు, డబ్బు ఇంకా రాలేదు, వస్తదో రాదో తెలీదు. ఆ తెలీనితనం రెండోసారి ఎవరికీ రాదు. పనితనం చూసి ఓటేస్తే రెండోది గెలవొచ్చు, మనిషిని చూసి వేస్తే మొదటిదే.

ఈ గొడవంతా చివరికి ఒకచోటికి వచ్చి ఆగుతుంది, మన తెలుగులో ఇలాంటిది ఎప్పుడొస్తది అని. ప్రశ్న మంచిదే. సింగ్ నగర్ లాంటి చోటు గురించి బయటివాళ్ళు మాట్లాడుకున్నది 2024 సెప్టెంబర్‌లో బుడమేరు ముంచేసినప్పుడే, నీళ్ళు తీసేశాక కెమెరాలూ తీసేశారు. అక్కడ పుట్టి పెరిగినవాడు ఎవరైనా తన సందు పేరు, తన మనుషుల పేర్లు, మొదటి అంతస్తు దాకా నీళ్ళొచ్చిన రాత్రి ఎవరు ఎవరింట్లో ఉన్నారో పేరుపేరునా చెప్తే, అది ఎవరికి అర్థమవుద్ది అని భయపడకుండా చెప్తే, సగం పని అయినట్టే. క్వీన్స్‌బ్రిడ్జ్ సంగతులు నాస్ మనకోసం విడమర్చి చెప్పలేదు, అయినా ఇంత దూరంలో కూర్చుని వింటున్నాం కదా.

మిగతా సగం సౌండ్, అక్కడే పేచీ ఉంది. ఇల్మాటిక్ లాగా పాత పాటల ముక్కలు కోసి ఆల్బం కట్టడం అమెరికాలోనే కష్టమైపోయింది, అనుమతి లేకుండా శాంపిల్ వాడటం దొంగతనమే అని 1991లో ర్యాపర్ బిజ్ మార్కీ కేసులో కోర్టు తేల్చాక ప్రతి ముక్కకీ డబ్బు కట్టాల్సి వచ్చింది. మన దగ్గర పాత తెలుగు సినిమా పాటల హక్కులు ఆడియో కంపెనీల చేతుల్లో ఉంటాయి, ఘంటసాల గొంతులోంచి రెండు సెకన్లు తీసినా వీడియో ఎగిరిపోతది, అందుకే ఇక్కడి కుర్రాళ్ళు నెట్‌లో దొరికే రెడీమేడ్ బీట్ల మీద పాడేస్తారు, అన్నీ ఒకేలా ఉంటాయి. దీనికి దారి లేకపోలేదు. గుంటూరు చుట్టుపక్కల బుర్రకథ చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళకి డబ్బులిచ్చి, పేరు వేసి, గుమ్మెటా తంబురా అందెల చప్పుడూ ఒక పూట రికార్డ్ చేసుకుంటే ఏ కంపెనీనీ అడగక్కర్లేదు, ఎన్ని ముక్కలు కావాలంటే అన్ని ముక్కలు కోసుకోవచ్చు, నలిపి గరుకు చేసుకోవచ్చు. ఒక మంచి మైకు, ఒక నిశ్శబ్దమైన గది ఉంటే చాలు, అవి రెండూ ఇప్పుడు బెజవాడలో గంటల లెక్కన అద్దెకి దొరుకుతున్నాయి.